మొదటి రింగు మీద శిలువ

అక్టోబరు 7, సోమవారం

కొత్త ఆర్డరు రింగులు వచ్చాయి. హెలికాప్టరు తోకలో ఉండే గేరుపెట్టెకి బేరింగులు. నూనె మొత్తం కారిపోయినా అరగంట తిరగాలట. ఆ అరగంటలో పైలటు ఎక్కడో ఒకచోట దించుకుంటాడట. ఇంజినీరు హోరియా రెండేళ్లుగా దీని మీదే కూర్చున్నాడు. ఉక్కు మార్చాడు, ఉక్కు గుండ్లు తీసేసి పింగాణీ గుండ్లు పెట్టించాడు, గుండ్లు పరిగెత్తే దారిని అద్దంలా నున్నగా చేయించాడు. రింగు ఎత్తి చూస్తే అందులో నా మొహం కనపడింది. కనపడకపోయినా బాగుండేది.

మొదటి రింగు మీద శిలువ వేశాను. గ్లౌజు తీసి, బొటనవేలితో, ఆ నున్నటి దారి మీద, చిన్నగా. రొట్టె పిండి మీద వేసినట్టే. దుమ్ము చొరనివ్వని ఈ తెల్లగదిలో అమ్మ పనిచేసిన రోజుల నుంచీ ఉన్నదే ఇది. ఏ కొత్త ఆర్డరుకైనా మొదటి రింగుకి గది పెద్ద వేస్తుంది. ఇంజినీర్లకి చెప్పం. చెబితే కాగితాలు రాస్తారు.

ఈసారి రెండో రింగు ఇలింకా చేతికిచ్చి, నువ్వూ వెయ్యవే అన్నాను.

"నాకెందుకు పిన్నీ, పెద్దదానివి నువ్వుండగా?"

"నేనేమైనా రాతిగుండులా ఇక్కడే పాతుకుపోతానా? రేపు ఈ గది నీదేగా. వెయ్యి."

వేసింది. చెవులు ఎర్రబడ్డాయి దానికి. స్పెయిన్‌లో ఎవరిదో స్ట్రాబెర్రీ తోటలో నడుం విరగ్గొట్టుకుంటున్న పిల్లని పిలిపించి ఈ గదిలో పెట్టించింది నేనే. దాని కూతురికి జ్ఞానతల్లిని కూడా నేనే. గుళ్లో బాప్తిస్మపు తొట్టిలోంచి తీసిన పాప నుదుట శిలువ వేసింది కూడా ఈ వేలితోనే.

తర్వాత అన్ని రింగులూ ఒకే బుట్టలో పెట్టి పెట్రోల్లో కడిగేశాం. ఎప్పటిలాగే.

చలి మొదలైంది. బొటనవేలి మీద పాత గాటు లాగుతోంది. పెళ్లైన కొత్తలో క్యాబేజీ కోసే పలక మీద తెగింది, వేలికి అడ్డంగా.

అక్టోబరు 13, ఆదివారం

రోజంతా ఊరగాయ పీపాలతోనే సరిపోయింది. పెత్రాకే క్యాబేజీలు మోశాడు, నేను ఉప్పునీళ్లు కలిపాను. అంత మోసినందుకు మొగుణ్ణి ఒక మంచి మాట అందామనుకుంటుంటే, వంటింటి కత్తి ఎత్తి చూపించాడు.

"ఏమే, ఈ కత్తి చూశావా? పిడి దగ్గరంతా తుప్పే. నీ కత్తెరా అంతే. అట్లకాడా అంతే."

"ఇప్పుడొచ్చే ఇనుమే అలాంటిది."

"ఇది మా నాన్న కత్తి. నీకంటే పెద్దది."

"అయితే మీ నాన్ననే అడుగు."

నవ్వాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, ఈ మధ్య ఎప్పుడు చూసినా తడిగా ఉంటోందేమిటే అన్నాడు. ఒళ్లంతా సెగలు కక్కే వయసు, చేతులు మాత్రం పొడిగా ఎలా ఉంటాయి? ఆ మాత్రం ఆ మనిషికి తెలియదా.

ఇనుము మంచిది కాదు, అంతే.

అక్టోబరు 24

మొదటి బేరింగు పరీక్ష యంత్రం మీదికి ఎక్కింది. ముందు నూనెతోనే రోజుల తరబడి తిప్పి చూస్తారట. హోరియా దాని పక్కనే కుర్చీ వేసుకున్నాడు. తిండి కూడా అక్కడే. మాతో పనిచేసే అగ్లాయా, గదిలో అందరి ముందూ, పెళ్లాం ఉండి ఉంటే ఈపాటికి విడాకులిచ్చేది అంది. అగ్లాయా నోటికి గ్లౌజు ఉంటే బాగుండును.

నవంబరు 5, మంగళవారం

బేరింగు చచ్చింది. సగం పరీక్ష కూడా కాకుండానే. మోత మొదలైందిట, ఆపి విప్పితే లోపలి రింగు మీద పెచ్చు లేచి ఉంది.

రెండేళ్ల పని. హోరియా మొహంలో నెత్తురు చుక్క లేదు. తిట్టి ఉంటే బాగుండేది. "సావెటా గారూ, మీ గదిలో అందరూ గ్లౌజులు వేసుకుంటారు కదా?" అని మాత్రం అడిగాడు.

వేసుకుంటాం అన్నాను. వేసుకుంటాం కూడా.

నవంబరు 6

పెచ్చు లేచిన చోటుని పెద్దది చేసి ఫోటో తీశారు. గోడ మీద వేసి అందరికీ చూపించాడు. పెచ్చు పక్కన సన్నసన్నటి తుప్పు చుక్కలు, వంపులు తిరిగి, వరసలుగా. సగం వేలిముద్ర. చిన్నపిల్లాడు చూసినా చెప్పేస్తాడు.

"పెట్రోలు నూనె మరకని కడుగుతుంది, చెమటలో ఉప్పుని కడగదు" అన్నాడు హోరియా. "ఆ ఉప్పు ఉక్కుని తింటుంది. పాత బేరింగులైతే ఇంత తుప్పుతో కూడా ఏళ్ల తరబడి తిరిగేవి. ఇది తిరగదు. దీన్ని అంత సున్నితంగా చేశాం."

అంటే, పాత బేరింగులు మనిషి చేతిని ఓర్చుకునేవి. ఇతను బాగుచేసిన కొద్దీ అవి మనల్ని ఓర్చుకోవడం మానేశాయి. మంచి బాగుచెయ్యడమే ఇది.

ముద్రకి అడ్డంగా ఒక గీత ఉంది. సూటిగా. సానరాయి గీత అయి ఉంటుంది. సానరాయి అలా గీస్తుంది ఒక్కోసారి.

అప్పుడు అగ్లాయా, అడిగినవాళ్లు లేకుండానే, "శిలువ వేశారు సార్. ఒకటి సావెటా అక్క, ఒకటి ఇలింకా" అంది.

హోరియాకి ముందు అర్థం కాలేదు. నేనే చెప్పాల్సి వచ్చింది. అమ్మ కాలం నుంచీ ఉన్నదని, రొట్టె పిండికి వేసినట్టేనని. "వాక్యూములో రెండుసార్లు కరిగించిన ఉక్కు" అన్నాడు. "దాని మీద శిలువ."

చచ్చిన బేరింగులో ఉన్నది నా రింగో, దాని రింగో తెలియదు. రెండూ ఒకే బుట్టలో కడిగాం. నంబర్లు కొట్టేది ఆ తర్వాతే.

నవంబరు 8, శుక్రవారం

బొటనవేలి పరీక్ష పెట్టమన్నాడు. ఇద్దరికీ.

ఈ ఊళ్లో ఇది తెలియనివాళ్లు లేరు. కొంతమందివి పొడిచేతులు, కొంతమందివి తుప్పుచేతులు. పుట్టుకతో వచ్చేది, ఎవరి తప్పూ కాదు. సానపట్టిన రింగు మీద బొటనవేలు నొక్కించి, తేమపెట్టెలో పెట్టి రెండ్రోజులు మూసేస్తారు. తుప్పు లేస్తే గదిలోకి రానివ్వరు. అమ్మది పొడిచెయ్యి. నాది అమ్మ చెయ్యే, అందరూ అనేవాళ్లు. పద్దెనిమిదేళ్లప్పుడు నా రింగుని పెట్టెలోంచి తీసి అప్పటి గది పెద్ద అందరికీ తిప్పి చూపించింది, అద్దంలా ఉంది.

ఇలింకా నొక్కింది. నేను నొక్కాను. ఎవరి రింగు కింద వాళ్ల పేరు చీటీ అంటించి, నేనే పెట్టె మూశాను. గది పెద్దను కదా.

"నాకేం భయం లేదు పిన్నీ" అంది బయటికొచ్చాక. "నన్ను చేర్చుకున్నప్పుడు నా రింగు నువ్వే చూశావుగా."

"నాకు మాత్రం భయమేమిటే?" అన్నాను.

నవంబరు 10, ఆదివారం

గుడికి వెళ్లాను. కొవ్వొత్తి పెట్టాను. దేనికని అడిగితే చెప్పలేను.

నవంబరు 11, సోమవారం

పెట్టె తెరిచాను. తేమకి చీటీలు ఊడి అడుగున పడి ఉన్నాయి. ఇలా జరుగుతుందని ఎన్నిసార్లు చెప్పాను, ఆ జిగురు పనికిరాదని. ఎవరు వింటారు.

ఒక రింగు శుభ్రంగా ఉంది. ఒకదాని మీద ఎర్రగా తుప్పు, బొటనవేలంత.

ఎడమవైపు పెట్టినది నాదని అనిపించింది. కానీ ఎడమవైపు పెట్టానని గట్టిగా ఎలా చెప్పను? మూసేటప్పుడు పెట్టె కదిలి ఉండొచ్చు. చీటీలు తిరిగి అంటించడం నా పనే కాబట్టి అంటించాను.

తుప్పు ఇలింకాది.

ముద్రకి అడ్డంగా గీత ఉంది. ఈ రింగుకి కూడా సానరాయి తగిలి ఉంటుంది.

నవంబరు 12

దానికి నేనే చెప్పాను. వేరేవాళ్ల నోటితో వినడం కంటే నయమని.

చేతులు రెండూ తిప్పితిప్పి చూసుకుంది. "అదేంటి పిన్నీ, నాది పొడిచెయ్యి కదా?"

"చేతులు మారతాయే. పిల్ల పుట్టాక మారతాయి."

"మారతాయా?"

"మారతాయి."

నమ్మింది. నేను చెప్పాను కాబట్టి నమ్మింది. ఏడవలేదు. గ్లౌజులు తీసి, మడిచి, బల్ల మీద పెట్టింది. ప్యాకింగులో వేస్తారా అని అడిగింది. వేస్తారనే అన్నాను.

నవంబరు 13

హోరియా పిలిపించాడు. అతని బల్ల మీద ఫోటో ఉంది, దాని పక్కన తుప్పు రింగు. నాకు కాఫీ ఇచ్చాడు. ఈ పదేళ్లలో ఒక్కసారి ఇచ్చిన పాపాన పోలేదు. కప్పు పట్టుకున్నాను. అతను ఫోటో చూశాడు, రింగు చూశాడు, కప్పు పట్టుకున్న నా వేలు చూశాడు. తొందరేం లేనట్టు చూశాడు.

"ఈ గీత సంగతి రిపోర్టులో రాయలేదు సావెటా గారూ. రాయమంటారా?"

కప్పు దించాను. మీ ఇష్టం అన్నాను.

"కస్టమరు ఆమోదం మీ పేరు మీద ఉంది. గది పెద్ద మారితే మళ్లీ మొదటి నుంచీ రావాలి, ఏడాది పడుతుంది. ఈలోపు ఆర్డరు ఇంకొకళ్లకి పోతుంది. మీ గదిలో అందరూ ఇంటికి పోతారు." రింగుని నా వైపు తోశాడు. "ఇది మీ దగ్గరే ఎక్కడైనా పెట్టుకోండి."

అదీ సంగతి. నేను చేసింది అందరి కోసం. అగ్లాయా కోసం కూడా, దాని నోటికి నిప్పు పెట్టా. సోమవారం చీటీలు అంటించేటప్పుడు ఈ ఆమోదం సంగతి నాకు తెలియదు, నిజమే. కానీ మనసుకి తెలిసే ఉంటుంది.

రింగు ఇంటికి తెచ్చి బొత్తాల డబ్బాలో పడేశాను.

నవంబరు 15

ఉపవాసాలు మొదలయ్యాయి. బీన్సు, ఊరగాయ క్యాబేజీ. క్యాబేజీ బాగా ఊరిందని పెత్రాకే రెండోసారి వేయించుకున్నాడు. నాకు నోట్లో పెట్టబుద్ధి కాలేదు.

ఇలింకాని ప్యాకింగులో కూడా ఉంచలేదు. తప్పు చేసినవాళ్లని తీసేశామని కస్టమరుకి చూపించాలట. ఊళ్లో మిగతా వర్కుషాపులు కూడా అప్పుడే విన్నాయి. తుప్పుచెయ్యి అన్న పేరు పడ్డాక లేతు మిషను దగ్గరికైనా రానివ్వరు.

అగ్లాయా అన్న మాట: "అలాంటి చేత్తో పిండి కలిపితే రొట్టె కూడా పొంగదు." అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. అలా అనకే అని కూడా అనలేదు.

నవంబరు 18

రేపు చెబుతాను.

నవంబరు 19

పని ఎక్కువైంది. రేపు.

నవంబరు 21

బజార్లో ఇలింకా వాళ్లమ్మ కనపడింది, పాప చెయ్యి పట్టుకుని. దూరం నుంచే చూశాను. ఇలింకా మళ్లీ స్పెయిన్ పోతుందట, నెల చివర్లో బస్సు. పాప అమ్మమ్మ దగ్గరే ఉంటుందట. పోయినసారి వదిలి వెళ్లినప్పుడు పాప కొన్నాళ్లు మాట్లాడడమే మానేసింది. ఇంక చచ్చినా వదిలి వెళ్లను పిన్నీ అని ఇలింకా నా వంటింట్లో కూర్చుని అన్న మాట. అప్పుడు నేను దానికి క్విన్సు పండ్ల జాము పెట్టాను.

పాప నన్ను చూసి చెయ్యి ఊపింది. నేను మందుల కొట్లోకి తిరిగాను. ఏ మందూ అక్కర్లేదు. దగ్గు బిళ్లలు కొనుక్కున్నాను.

నవంబరు 25, సోమవారం

చెప్పాను. హోరియాకి చెప్పాను. తలుపు వేసి, నిలబడే, "ఆ వేలు నాది" అన్నాను.

కంప్యూటరు తెర మీద నుంచి కళ్లు తిప్పలేదు. "ఏ వేలు?"

"ఫోటోలోది. చీటీలు నేనే మార్చాను."

"ఏ ఫోటో సావెటా గారూ? కస్టమరు శుక్రవారమే సంతకం పెట్టాడు. కొత్త బేరింగు నూనె చుక్క లేకుండా నలభై నిమిషాలు తిరిగింది, తెలుసా? అరగంట అడిగితే నలభై." అప్పుడు నా వైపు తిరిగాడు. గెలిచినవాడి మొహం, కానీ కళ్లకి నిద్ర లేదు. "రేపటి నుంచి మీరు రింగులు ముట్టుకోకండి. కూర్చుని చూస్తే చాలు. గ్లౌజు వేసుకున్నా వద్దు."

"మరి ఇలింకా?"

"చెప్పాలని ఉంటే నాకెందుకు చెబుతారు? ఆ అమ్మాయికి చెప్పండి."

నాకు చేతకానిది అదొక్కటేనని అతనికి ఎలా తెలిసిందో. ముందు నుంచీ తెలిసినట్టే ఉంది. అందుకే అంత ధీమాగా కాఫీ పోశాడు. వాణ్ణి తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. దారంతా వాణ్ణే తిట్టాను, ఇంకెవర్నీ తిట్టకుండా ఉండడానికి.

నవంబరు 27

కుర్చీలో కూర్చున్నాను. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. వాళ్లు పనిచేశారు.

నవంబరు 30, శనివారం

ఆంద్రెయ్ పండుగ. పెత్రాకే తలుపులకీ కిటికీలకీ వెల్లుల్లి రాస్తున్నాడు, దెయ్యాలు రాకుండా. నేను పిండి కలుపుతున్నాను.

ఇలింకా వచ్చింది. కోటు విప్పలేదు. రేపు తెల్లారేసరికి బస్సట. కూర్చోవే అంటే కూర్చోలేదు. పెత్రాకే ఏదో సరదాగా అనబోయి, దాని మొహం చూసి, వెల్లుల్లి పట్టుకుని పెరట్లోకి పోయాడు.

"ఒకటి అడుగుదామని వచ్చాను పిన్నీ. నా రింగు నీ దగ్గర ఉందట, హోరియా గారు చెప్పారు. ఒకసారి చూపిస్తావా?"

"దాన్ని చూసి ఏం చేస్తావే?"

"నా చెయ్యి ఎలా తుప్పు పట్టిస్తుందో చూడాలని ఉంది. అందరూ అంటున్నారు, నేను చూడనేలేదు."

లేదు, పారేశాను అనొచ్చు. నోటి దాకా వచ్చింది. పిండి చేతులు తుడుచుకుని బొత్తాల డబ్బా తెచ్చాను. ఎందుకు తెచ్చానో ఇప్పుడు కూడా రాయలేను. వంటింట్లో దీపం మసకగా ఉంది, ఏం కనపడుతుందిలే అనుకున్నానేమో.

కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి చూసింది. తన బొటనవేలు ఆ తుప్పు పక్కన పెట్టి చూసింది. వేలు ఎత్తి చూసుకుంది. మళ్లీ తుప్పు వైపు చూసింది. తర్వాత నా దగ్గరికి వచ్చి నా కుడిచెయ్యి పట్టుకుంది. నేను లాక్కోలేదు. బొటనవేలు తిప్పి, అంటుకున్న పిండిని తన జేబురుమాలుతో తుడిచింది, మెల్లగా, పాప మూతి తుడిచినట్టు. గాటు కనపడింది.

రింగు మీది గీత పక్కన దాన్ని పెట్టి చూసింది. నేను ఏదో ఒకటి అనాల్సింది. అమ్మ పేరు తెద్దామనుకున్నాను, గదిలో మిగతావాళ్ల పేరు తెద్దామనుకున్నాను. పద్దెనిమిదేళ్లప్పటి నా రింగు అద్దంలా ఉండేదని చెప్పాలనిపించింది. సిగ్గులేకుండా అదే చెప్పాలనిపించింది.

"అడిగి ఉంటే నేనే ఒప్పుకునేదాన్ని పిన్నీ" అంది. "నీ కోసం. నువ్వు అడిగి ఉంటే చాలు."

రింగు బల్ల మీద పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది, గదిలో నేను నేర్పినట్టే.

గుమ్మం దగ్గర ఆగింది. "పాపని ఆదివారాలు ఎప్పటిలాగే మీ ఇంటికి పంపమని అమ్మకి చెప్పాను. అదేం చేసింది పాపం, మీరంటే దానికి ప్రాణం." ఇన్నేళ్లలో నన్ను మీరు అనలేదు. "ఒక్కటి మాత్రం. దానికి శిలువ వెయ్యకండి."

వెళ్లిపోయింది. పిండి అలాగే ఉండిపోయింది.

డిసెంబరు 1

బస్సు దగ్గరికి వెళ్లలేదు.

డిసెంబరు 3

పెత్రాకేకి మొత్తం చెప్పాను. లేచి వెళ్లి వాళ్ల నాన్న కత్తిని ఇసకతో రుద్ది, నూనె రాసి, గుడ్డలో చుట్టి పైన అటక మీద పెట్టాడు.

డిసెంబరు 8, ఆదివారం

అమ్మమ్మ పాపని గుమ్మం దాకా తెచ్చి, లోపలికి రాకుండానే వెళ్లిపోయింది. పాప బూట్లు విప్పి, పిల్లల బూట్లలో కానుకలు పెట్టే నికొలాయ్ పండక్కి తన బూట్లలో ఏమేం దొరికాయో చెప్పింది. కమలాపండ్లు, ఒక బొమ్మ. అమ్మ ఫోన్లో ఏడ్చిందని కూడా చెప్పింది, అమ్మకి జలుబు చేసిందట.

బీన్సు పులుసు పెట్టాను. పెత్రాకే రొట్టె ముక్కలు చేసి ఇచ్చాడు. తినే ముందు పాప ఎప్పటిలాగే కుర్చీ దిగి నా దగ్గరికి వచ్చింది. జుట్టు వెనక్కి తోసుకుని, కళ్లు మూసుకుని, నుదురు పైకెత్తింది.

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"వెయ్యి" అంది కళ్లు తెరవకుండా. "పులుసు చల్లారిపోతుంది."